మా సారు ముంగట, నేను ఎన్క

ఇస్తాంబుల్ మేమింక చూడలే. పాస్‌పోర్టులు రెండు బీరువల చీరెల కింద పండుకొనే ఉన్నయి. ఒకప్పుడు ఆ ఊరి పేరెత్తని దినం మా ఇంట్ల లేకుండె. మా సారు తిరుమలగిరి దిక్కు ఒక సర్కారు బడిల సోషల్ చెప్పెటోడు. ఖండాల పాఠం వచ్చిందంటే చాలు, గ్లోబు మీద ఒక జాగల వేలు పెట్టి, "ఇగో, గీడ చూడున్రి. ఒక్కటే ఊరు, సగం ఆసియాల, సగం యూరపుల. పొద్దుగాల ఛాయ్ ఒక ఖండంల తాగి, పగటి బువ్వ ఇంకో ఖండంల తినొచ్చు" అని చెప్పుకుంట మురిసెటోడు. అదే బడిల నేను తెలుగు టీచర్ని. పక్క క్లాసుల నుంచి వినీ వినీ నాకు ఆ పాఠం నోటికొచ్చింది. పెండ్లయినంక గూడ నేను ఆయనను సారనే పిలుస్త, ఆయన నన్ను టీచరమ్మా అనే అంటడు. మా చుట్టాలు నవ్వి నవ్వి ఊకున్నరు.

పోదం పోదం అనుకుంటుండంగనే కరోనా వచ్చింది. అది పోయిందనుకునేసరికి మా సారు స్కూటర్ మీది నుంచి పడి తుంటి బొక్క ఇరగ్గొట్టుకున్నడు. ఆ ఏడంత మా ఇంట్ల ఒక్కటే ఫికరు, ఈ మనిషి మళ్ల నడుస్తడా నడువడా అని. ఆ ముచ్చట చెప్పాల్నంటే ముందుగాల మేం ఎట్ల నడిచెటోళ్లమో చెప్పాలె.

నేను కొత్తకోట దిక్కు గొర్లు కాసే ఇంట్ల పుట్టిన. మాకు నడుసుడంటే పని. మంద ముంగట మా నాయిన, మంద ఎన్క నేను. బడి లేని దినాలల్ల అదే నా కొలువు. ముంగట నడిచెటోనికి తోవ కనవడ్తది గని, కుంటేది, ఆగేది, కంపల తలకాయ ఇరికిచ్చుకునేది అన్ని ఎన్క నడిచెటోళ్లకే కనవడ్తయి. పొద్దుగాల గాలికి ఎదురు పోవాలె. ఎండ నెత్తి మీదికి రాంగనే గొర్లు ఒకదాని పొట్ట కింద ఒకటి తలకాయ పెట్టి నిలవడ్తయి. గప్పుడు మనం గూడ నీడ చూసుకొని కూసోవాలె, ఎంత తోలినా అవి కదలయి. పొద్దుమీకి మర్లేటప్పుడు పోయిన తోవల రావద్దు. పోయిన తోవల గడ్డి ఎట్లాగు అయిపోయింది, మళ్ల గదే తోవల వస్తే గొర్లు ఏం తినాలె, మన్ను తినాల్నా? ఇవన్ని మా నాయిన నేర్పిన పద్ధతులు. బీఈడీ చదివినా, నౌకరి చేసినా, నా కాళ్లకు అవి పోలే.

మా సారుది మోత్కూరు దిక్కు వ్యవసాయం ఇల్లు. పొలం గెట్ల మీద నడిచి పెరిగినోడు. గెట్టంటే సక్కగుంటది, రెండు దిక్కుల పొలముంటది, తప్పిపోదమన్నా తప్పిపోలేం. అందుకే మా సారుకు ఏడికి పోయినా గెట్టు లాంటిదొకటి ఉండాలె. మొదట్ల కాయిదం మ్యాపు, తర్వాత సెల్లుల మ్యాపు. దాంట్ల గీత ఎటుంటే ఆయన కాలు అటే. గీత మీది నుంచి జరంత పక్కకు జరిగితే చాలు, ఆయన పానం ఆగమాగమైతది. ఈ ఇద్దరం కలిసి ఊర్లు చూడబోతే ఎట్లుంటదో మీరే అనుకోన్రి.

రాష్ట్రమొచ్చిన కొత్తల అందరి నోట ఒక్కటే మాట, మన రాష్ట్రం, మన పట్నం అని. ఒకనాడు మా సారు బువ్వ తినుకుంట అన్నడు, "టీచరమ్మా, మన పట్నం మన పట్నం అంటున్నం గని, అండ్ల మనం చూసిందేంది? దవాఖాన, పెండ్లి బట్టల దుకాణం, ట్రైనింగులు పెట్టే హాలు. బస్సు దిగుడు, ఆటో ఎక్కుడు, పని చూసుకొని మళ్ల బస్సెక్కుడు. ఈ సారి బస్సు దిగినంక ఏ బండి ఎక్కేది లేదు." మా బిడ్డ అప్పటికే హాస్టల్‌ల ఉండి చదువుకుంటుండె. ఇంట్ల మేమిద్దరమే. ఒక సెలవు చూసుకొని నేను తెల్లారక ముందే లేసి జొన్నరొట్టెలు చేసి, పల్లికారం పొట్లం కట్టి, ఉల్లిగడ్డలు సంచిల ఏసిన. ఆయన చూసి, "హైదరాబాద్‌ల హోటళ్లు లేవా?" అన్నడు.

"ఉంటయి. సద్ది లేకుండ మా ఇంట్లెవలు నడువలే" అన్న.

ఇమ్లిబన్ బస్టాండ్ల బస్సు దిగినం. నేను అలవాటు కొద్ది గాలి ఎటు నుంచి వస్తాందో చూసి, "సారూ, గాలికి ఎదురు పోదం" అన్న. ఆ గాలి వస్తాంది మూసీ నది దిక్కు నుంచి. నయాపూల్ మీదికి పొయ్యేసరికి ముక్కులు పగిలిపోయినయి. మా సారు దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకొని, "మీ నాయిన నేర్పిన పద్ధతి మస్తుగుంది" అని నవ్వ వట్టె. మదీనా సౌరస్తా దాటినా ఆ నవ్వు ఆగలే.

ఎండెక్కింది. నా కాళ్లు వాటంతటవే నీడ ఎతుక్కున్నయి. పత్తర్‌గట్టి కమాన్ల కింద, బందువెట్టిన ఒక దుకాణం మెట్ల మీద కొంగుతోని దుమ్ము దులిపి కూసున్న. మా సారు కూసోలే. "లే లే. మన బడి పిల్లల తల్లిదండ్రులు ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు? సారు, టీచరు మెట్ల మీద అడుక్కుంటున్నరు అనుకుంటరు."

"అనుకోనియ్యున్రి. నాకు నడినెత్తి ఎండల నడుసుడు రాదు."

పక్కన అత్తరు అమ్మే ముసలాయన మా లొల్లి చూసి, "బైఠో అమ్మా, ఆరామ్‌సే ఖావో" అని గిలాసల నీళ్లిచ్చిండు. గప్పుడు కూసున్నడు మా సారు, మూతి ముడుసుకొని. రొట్టె ఇరిసి కారం అద్దుకొని తిన్నంక మూతి సక్కగైంది. నా రొట్టెల సగం గూడ ఆయనే తిన్నడు.

మర్లేటప్పుడు పోయిన తోవల రానని నేను మొండికేసిన. ఇటు నుంచి ఇటే పోతే బస్టాండ్ దగ్గర అని సెల్లు చూపిస్తడు ఆయన. చూసిందే చూస్తే ఏమొస్తది అంట నేను. ఆఖరికి లాడ్‌బజార్ దాటి పురానాపూల్ దిక్కు గల్లీలల్ల పడ్డం. ఒక గల్లిల టప్పు టప్పుమని ఒక్క తీరుగ సప్పుడు. ఏందా అని తొంగి చూస్తే, అరుగు మీద కూసొని ఒకాయన తోలు పుస్తకం నడుమ వెండి ముక్కలు పెట్టి సుత్తెతోని కొడుతున్నడు. మిఠాయిల మీద అద్దే రేకు అట్ల తయారైతదని నాకు గప్పటిదాక తెల్వదు. మేం చూసుకుంట నిలవడితే ఒక రేకు తీసి నా అరచేతిల పెట్టిండు. "అబ్బ!" అన్న, ఆ ఊపిరికే ఎగిరిపోయింది. మా సారు ఆ దినం మళ్ల మ్యాపు తియ్యలే.

గట్ల అలవాటైంది మాకు. మైసూరు పోయినం, నల్గొండ స్టేషన్‌లనే బండెక్కి కలకత్తా పోయినం. కలకత్తాల హౌరా వంతెన మీద మోత మోసెటోళ్లు నెత్తి మీద గంపలతోని ఉరుకుతుంటరు. ఆ జనంల సారు ముంగట, నేను ఎన్క. నాకు ఫికరు లేకుండె, ఎందుకంటే ఎంత జనంల ఉన్నా ఆయన మెడ నాకు ఎరుకే. కాలరు మీద కొద్దిగ ఒంగి, ఎడమ దిక్కు ఒక పుట్టుమచ్చ తోని ఉంటది. ఇన్నేండ్లు ఎన్క నడిచి నడిచి నాకు ఆయన మొఖం కంటే ఆయన మెడనే ఎక్కువ పరిచయం. మెడ జూసి చెప్తుంటి, ఈ మనిషికి ఆకలైతాందని, తోవ తప్పిండని, తప్పి గూడ ఒప్పుకుంటలేడని.

ఆ ఊర్ల దేవి బొమ్మలు చేసే గల్లీలు ఉన్నయి. పండుగకింక దినాలున్నయి గాబట్టి బొమ్మలన్ని కండ్లు లేకుండ, రంగు లేకుండ, వట్టి మట్టితోని నిలవడి ఉన్నయి. సన్నటి వాన. ఒక్క గొడుగు కింద ఇద్దరం. "కండ్లు పెట్టక ముందే చూసినం, మనల్ని ఆమె చూడలే" అన్నడు మా సారు. ఎన్నడు అట్లాంటి మాటలు మాట్లాడే మనిషి గాదు. నేను ఆయన చెయ్యి పట్టుకుంటే, నడి బజార్ల ఏంది ఇది అన్నట్టు చూసిండు గని చెయ్యి మాత్రం తీసుకోలే. ఇప్పటికీ వాన పడితే నాకు ఆ గల్లి యాదికొస్తది, పానం గుంజుతది.

ఇగ ఖాట్మండు ముచ్చట. అది చెప్తే మా సారు ఇప్పటికీ మొఖం మాడ్చుకుంటడు.

బతుకమ్మ సెలవులల్ల పోయినం. వాళ్లకు గూడ దసరా పెద్ద పండుగనే. నేను మా నాయిన గొంగడి సంచిల పెడితే, "స్వెట్టర్లు లేవా, గిదేంది?" అని నవ్విన మనిషి, ఆ ఊర్ల మొదటి పొద్దుమీకే ఆ గొంగడి కప్పుకొని నాకు మళ్ల ఇయ్యలే. తెల్లారి అసన్ బజారుకు పోయినం. అన్ని దిక్కుల నుంచి గల్లీలొచ్చి ఒక్క జాగల కలుస్తయి. పసుపు కుప్పలు, ఇత్తడి గిన్నెలు, ఎండుచేపలు, బంతిపూలు, గుళ్లె గంటలు, మోటార్ సైకిళ్ల పీప్పీలు. సారు ముంగట సెల్లు చూసుకుంట పోతుండు. నేను ఎన్క.

గప్పుడు ఒక వాసన వచ్చింది. తడిసిన ఉన్ని వాసన. ఆ వాసన నాకు ఒకరు చెప్పాల్నా! మర్రి చూస్తే, పక్క గల్లిల నుంచి గొర్ల మంద. గుట్టల మీది నుంచి పండుగకు అమ్మనీకి తోలుకొస్తున్నరు. పొడుగు ఉన్ని, వంకర కొమ్ములు, ఈపు మీద ఎర్ర రంగు గుర్తులు. ముంగట ఒకడే మనిషి, ఎన్క ఎవలు లేరు. నాకు పానం ఒప్పలే. ఎన్క మనిషి లేకుండ గిట్లాంటి బజార్ల మందను తోల్తరా ఎవలన్న? ఒక గొర్రె ఇత్తడి దుకాణంల తలకాయ పెట్టింది. దాని కొమ్ము పట్టి ఇవతలికి గుంజిన. ఇంకొకటి కుంటుతాంది. నాలుక కొట్టుకుంట, "హుర్ర్, నడువు బిడ్డా, నడువు" అని దాని ఎంబడి నడిచిన. ముంగటి మనిషి మర్రి చూసి ఏమో అన్నడు. "కుంటుతాంది, మెల్లగ తోలు" అని నేను మన తెలుగులనే అన్న. వాడు నిజంగనే మెల్లగ తోలిండు!

ఇగ నాకు సోయి లేదు. ఎన్ని గల్లీలు తిరిగినమో, ఏ గుడి పక్క నుంచి పోయినమో దేవునికెరుక. ఊరు చూడ వచ్చిన సంగతి మర్చిపోయిన, మొగుడున్న సంగతి మర్చిపోయిన. ఆఖరికి ఒక పెద్ద ఖాళీ జాగకు చేరినం. ఆడ మందలు మందలు కట్టేసి ఉన్నయి. ఒకామె వచ్చి నా పక్కనున్న గొర్రె నోరు తెరిచి పండ్లు చూసి, నన్ను చూసి, "కిత్‌నే కా?" అని ధర అడిగింది. గప్పుడు సోయికొచ్చిన. అవ్వల్ల! నేనేడున్న, మా సారేడున్నడు? నా సెల్లు ఆ దేశంల పని చెయ్యది. మేమున్న హోటలు పేరు గూడ యాదికి లేదు. ఊర్ల మా నాయిన ఇని ఉంటే ఎన్ని రోజులు నవ్వుతుండెనో.

మరి ఎట్లొచ్చిన? పెంటికెలు చూసుకుంట వచ్చిన. మంద నడిచిన తోవల పెంటికెలు పడవా? పడ్డయి పడ్డట్టు బాజాప్త తోవ చూపెట్టినయి. ఆడాడ ఊడ్చిన్రు గని, జర ముంగటికి పోతే మళ్ల దొరికినయి. అసన్ బజార్ల ఇత్తడి దుకాణం పక్కన మా సారు గొంగడి కప్పుకొని గుంజ లెక్క నిలవడి ఉన్నడు. నన్ను చూసి ఆ బజారంత వినేటట్టు మన తెలుగుల తిట్టిండు. "మొగుణ్ని ఇడిసిపెట్టి గొర్ల ఎంబడి పోయే ఆడమనిషిని లోకంల ఏడ చూడలే నేను!" అన్నడు. తిట్టుడు అయిపోయినంక, "ఎట్లొచ్చినవు?" అన్నడు. చెప్పిన. ఇద్దరం ఒక్కసారే నవ్వినం. కడుపు పట్టుకొని నవ్వినం. దుకాణమాయన గూడ ఏం సమజ్ గాకనే నవ్విండు.

"మరి మీరెందుకు ఎతకలే నన్ను?" అన్న.

"నేను గూడ పోతే ఇద్దరం తప్పిపోదుము. తోవ తెల్వని జాగల నేను కాలు పెట్ట" అన్నడు.

గదీ మా సారు. ఆయన భయం ఆయనకు ఎప్పటి నుంచో ఉన్నదే. అది అప్పుడు నాకు నవ్వులాటగ కొట్టింది గని, తర్వాత అదే మా ఇంటి మీద పడ్డది.

మోత్కూరు తొవ్వల కుక్క అడ్డమొచ్చి స్కూటర్ పడ్డనాడు, ఆయన రోడ్డు మీద పండుకొని కూడ, "టీచరమ్మా, నేను సక్కనే పోతున్న, కుక్కనే పక్కకొచ్చింది" అన్నడు. హైదరాబాద్ దవాఖానల తుంటికి రాడ్ ఏసిన్రు. బొక్క అతికింది. వాకర్ పట్టుకొని హాల్ల తిరిగిండు, తర్వాత కట్టె పట్టుకొని వంటింట్లకొచ్చిండు. గేటు మాత్రం దాటలే. రోజూ గేటు దాక వస్తడు, గేటు మీద చెయ్యి పెడతడు. గల్లిల కుక్క కనవడ్డా, స్కూటర్ సప్పుడైనా మొఖంల నెత్తురుండది. "ఇయ్యాల కాదు" అని ఎన్కకు మర్లుతడు. ఎండకాలం పోయి వానలు పడ్డయి. ఆ "ఇయ్యాల కాదు" మాత్రం మారలే.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి సాఫ్‌గ చెప్పిండు. "అమ్మా, ఇంట్ల తిరుగుడు తిరుగుడు గాదు. గిప్పుడు బయట నడువకపోతే ఆ కాలు గట్లనే బిగుసుకపోతది. ఇంక నాలుగు నెలలు పోతే మీరు ఎంత బతిలాడినా నడువలేరు." ఇంటికొచ్చినంక స్నానాల గదిల నల్లా ఇప్పి ఏడ్సిన. మా బిడ్డ ఫోన్ల బతిలాడింది. పక్కింటోళ్లు బతిలాడిన్రు. నేను ముంగట నిలవడి చేతులు సాపి, "రా సారూ, నేను పట్టుకుంట గద" అంటే, "నేనేమన్న గొర్రెనా, గట్ల పిలుస్తున్నవ్?" అని కస్సుమన్నడు. కూసొని కూసొని ఆయన మెడ గూడ సన్నగైంది. ఎన్క నుంచి చూస్తే ఎవలో పరాయి మనిషి లెక్క కనవడుతుండె. అది నాతోని కాకపోతుండె.

ఒక ఆదివారం, వాన ఎలిసిన పొద్దుమీకి, బీరువ సదురుతుంటే పాస్‌పోర్టులు చేతికొచ్చినయి. ఊకోక చూపెట్టిన. "సారూ, మీ ఊరు మీకోసం ఎదురు చూస్తాంది" అన్న, నవ్వుకుంటనే. ఆయన మాత్రం నవ్వలే.

"ఏ ఇస్తాంబుల్ లేదు, ఏం లేదు. నీకు తిరగాల్నని ఉంటే నువ్వు పో. గొర్లు కాసిన కాళ్లు ఇంట్ల ఎట్ల నిలుస్తయి?"

పెండ్లయిన కాన్నుంచి ఆయన నోట ఎన్నడు రాని మాట అది. వాళ్లింట్లోళ్లు అన్నరు గని ఆయన అనలే. "పోత" అన్న. "పోతనే. ఎవల కాళ్లు ఆళ్లయి." సెల్లు చార్జింగుల ఉండె, దాని దిక్కు గూడ చూడలే. చెప్పులేసుకొని గేటు ధన్మని కొట్టి మా నల్గొండ రామగిరి గల్లీలల్ల పడ్డ.

ఎటు పోయిన? ఎటూ పోలే. గడియారం సెంటర్ దాక పోయిన, ప్రకాశం బజార్ల అవసరం లేని టమాటల ధర అడిగిన, ఒక బండి దగ్గర మిర్చీలు తిన్న. కోపం మీద తిన్నందుకు నోరు కాలింది. ఇన్ని ఊర్లు తిరిగినం, ఆఖరికి గీ మాటనా అని ఒక దుకాణం అరుగు మీద కూసొని కండ్లు తుడుసుకున్న. దీపాలు పెట్టే యాల్లకు కోపం సగం దిగింది. మాత్ర ఏసుకున్నడో లేదో అని మనసు పీకింది. లేసి ఇంటి తొవ్వ పట్టిన.

మా గల్లి మలుపు కాడ చూసిన. లుంగీ, ఇంట్ల ఏసుకునే అంగీ, ఒక చేతిల కట్టె. కాళ్లకు చెప్పులు గూడ లేవు. బురదల ఒక కాలు ఈడ్సుకుంట, గోడను పట్టుకుంట, మెయిన్ రోడ్డు దిక్కు పోతున్నడు. నడక నేను గుర్తుపట్టలే. మెడ గుర్తుపట్టిన.

"సారూ!" అని నోటిదాక వచ్చింది. నోరు మూసుకున్న. ఎందుకంటే పిలిస్తే ఆగుతడు. ఆగి, నన్ను చూసి, ఆ గోడకే ఒరిగి, ఆటో పిలువుమంటడు. గేటు మళ్ల పడ్తది. నాకు ఆ గేటు గురించి ఎరుకే. అందుకే పిలువలే, ఎన్క నడిచిన. పడితే పట్టుకునేంత దగ్గర, ఇనపడనంత దూరం. మోరీ మీద ఏసిన బండ కాడ ఆయన నిలవడ్డడు. ఒక కుక్క మొరుగుకుంట ఎదురుగొచ్చింది. నా రెండు చేతులు ముంగటికి పోయినయి. ఆయన కట్టెతోని నేలను కొట్టి, "ఛల్!" అని, బండ దాటిండు.

రోడ్డు మీద ఆటోలు నిలవడి ఉన్నయి. నేను ఆగి ఉన్న ఒక లారీ ఎన్క నిలవడ్డ. మా సారు ఒక ఆటో పిలగాన్ని అడుగుతున్నడు, "బిడ్డా, మా ఇంటామె ఇటు దిక్కు పోంగ చూసినవా?"

"ఎట్లుంటది సారూ?"

మా సారు కట్టె ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నడు. "ఎట్లుంటదంటే ఏం చెప్పాలె బిడ్డా. ఎన్కకు మర్రి చూస్తే ఉంటది. ఎప్పుడు చూసినా ఉండేది" అన్నడు.

నేను లారీ టైరు పట్టుకొని నిలవడ్డ. నా ఏడ్పు నాకే ఇనపడకుండ కొంగు నోట్ల పెట్టుకున్న. ఆటో పిలగాడు పాపం, "ఎక్కు సారూ, బస్టాండ్ల దింపుత, పైసలొద్దు" అన్నడు. ఆయన చెయ్యి ఊపి ముంగటికే నడిచిండు. తోవల అటూ ఇటూ చూసుకుంట, ప్రతి ఆడమనిషి మొఖం చూసుకుంట నడిచిండు. సెల్లు లేదు, మ్యాపు లేదు, గీత లేదు.

బస్టాండ్ల మహబూబ్‌నగర్ బస్సు కదలనీకి తయ్యారుగుంది. నేను అలిగి ఆ బస్సుల మా అవ్వగారి ఊరు కొత్తకోటకు పోతున్ననని అనుకున్నట్టుంది. ఆ బస్సు మెట్టు ఎత్తు. రాడ్ ఏసిన కాలు అంత ఎత్తుకు ఎక్కదని డాక్టరే అన్నడు. మా సారు కట్టె బస్సులకు ఇసిరి, రెండు చేతులతోని బస్సు తలుపు రాడు పట్టుకొని, పండ్లు బిగవట్టి ఎక్కిండు. నేను ఎన్క నుంచి చేతులు సాపుకొని ఉరికిన గని, ఆ చేతుల అవసరం పడలే. ఆయన కట్టె తీసుకొని ఒక్కొక్క సీటు చూసుకుంట పోయిండు. నిద్రపోతున్న ఒకామె మొఖం మీది కొంగు దిక్కు వంగి చూసి, "మాఫ్ చెయ్యమ్మా" అన్నడు. నేను ఆయన ఎన్కనే ఎక్కిన. ఆఖరి సీటు దాక పోయిండు. ఆడ ఎవలు లేరు. భుజాలు దిగినయి.

గప్పుడు మర్లిండు.

నన్ను చూసి తిడుతడనుకున్న. సీటు పట్టుకొని నా ముంగటికి వచ్చిండు. "ఏడికి పోయినవే?" అన్నడు. ఎన్నడు నన్ను అట్ల 'వే' అని అనలే.

"ఏడికి పోలే. మీ ఎంబడే వస్తున్న, మన గల్లి కాన్నుంచి."

"గల్లి కాన్నుంచి?" అని కిందికి చూసుకున్నడు. మోకాళ్ల దాక బురద. ఉట్టి కాళ్లు. ఒక బొటనవేలు నుంచి నెత్తురు కారుతుంది. ఆ కాళ్లు ఎవలియో అన్నట్టు చూసిండు. ఇద్దరం ఆ బస్సుల నిలవడి ఏడ్సినం, జనం చూస్తున్నరన్న సిగ్గు గూడ లేకుండె.

కండక్టర్ వచ్చి, "పెద్దమనిషీ, బండి తీస్తున్నం. వస్తరా, దిగుతరా?" అన్నడు.

"దిగుతం బాబూ" అన్నడు మా సారు, కండ్లు తుడుసుకొని. "మాది ఈ ఊరే. నడుసుకుంట పోతం."